తాతగారి జబ్బును వైద్యునికి చెప్పండి

అధ్యక్షులకు, పెద్దలకు, బరంపురంలోని తెలుగు కుటుంబాలవారికి నమస్కారాలు. పిల్లల చదువుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. చదువును మధ్యలో ఆపివేసే బైపోలార్ అనే జబ్బు గురించి, అంటే కొన్నాళ్లు మితిమీరిన ఉద్రేకం, కొన్నాళ్లు కుంగుబాటు వచ్చే మనోవ్యాధి గురించి, దానిని మనం దాచే తీరు గురించి మాట్లాడడానికి అనుమతించండి.

మా మేనల్లుడు ప్లస్ టూ చదువుతున్నప్పుడు దిగులుతో మంచం పట్టాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి బాధ ఉన్నదా అని వైద్యుడు అడిగితే, లేదన్నారు మావాళ్లు. వాడి తాతగారు కొన్నాళ్లు నిద్ర మాని, ఉన్న పొలం అమ్మి దానాలు చేసి, ఆ తరువాత నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకొనేవారని వీధి అంతటికీ తెలుసు. అయినా లేదన్నారు, ఎందుకంటే వాడి అక్కకు సోంపేట సంబంధం ఖాయం కావలసి ఉన్నది! వైద్యుడు కుంగుబాటుకు మాత్రమే మందు ఇచ్చాడు. బైపోలార్ ఉన్నవారికి, మనోస్థితిని నిలకడగా ఉంచే మందు తోడు లేకుండా అది ఒక్కటే ఇస్తే, ఉద్రేక దశ తలెత్తే ప్రమాదం ఉన్నది. కొద్ది వారాలకే వాడు అప్పు చేసి మోటారుసైకిలు కొని, అర్ధరాత్రి పర్లాకిమిడి దారి పట్టాడు. అందరూ గాలి సోకిందన్నారు.

అమ్మలారా, వంశంలో ఉండడం వేరు, తప్పక రావడం వేరు. జనంలో సుమారు నూటికి ఒకరికి వచ్చే ఈ జబ్బు, తల్లికో తండ్రికో ఉన్నప్పుడు పిల్లల్లో నూటికి 5 నుంచి 10 మందికి రావచ్చు. అంటే ఎక్కువమందికి రాదు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలలో సైతం ఒకరికి వస్తే రెండవవారికి తప్పక వస్తుందని లేదు. దీనికి ఒకే జన్యువు కారణం కాదు. ఎన్నో జన్యువులు తలా కొంచెం పాలు పంచుకుంటాయి. అటువంటప్పుడు ఆడపిల్ల సంబంధం ఎందుకు చెడాలి?

ఎక్కువమందిలో ఇది 15 నుంచి 25 ఏళ్ల మధ్య, తరచు కుంగుబాటుగానే మొదలవుతుంది. పదేళ్లలోపు అరుదు. చిన్నపిల్లవాడు అస్తమానం చిరాకుపడినంత మాత్రాన ఈ పేరు పెట్టకూడదు. అమెరికాలో అలా తొందరపడి పేరు పెట్టడం పెరిగినందువల్లనే 2013లో అక్కడి మనోవైద్యులు తీవ్రమైన చిరాకుకు వేరే నిర్ధారణను ఏర్పరచారు. అయితే వంశంలో జబ్బు ఉండి, నిద్ర తగ్గినా అలసట లేక, మాట వేగం పెరిగి, ఆ మార్పు రోజుల తరబడి నిలిస్తే ఆగవద్దు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, లేదా మన వైద్యకళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పెద్దలను నేను కోరేది ఒక్కటే: వైద్యుడు వంశం గురించి అడిగినప్పుడు, తాతగారి సంగతి చెప్పండి. పెళ్లివారికి ఏమి చెప్పాలన్నది తరువాత కూర్చుని మాట్లాడుకుందాం.