చెయ్యి పోతుందని అందరికీ తెలుసు: 'ఫ్యూరియోసా' మీద ప్రేక్షకుల మాటలు
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇవాళ 'ఫ్యూరియోసా' గురించి మాట్లాడుకుందాం. సినిమా సంగతి కొంత, అది చూసి బయటికొచ్చినవాళ్లు అన్న మాటల సంగతి ఎక్కువ. 2024 మే నెలలో కాన్ చిత్రోత్సవంలో మొదట వేశారు, అదే నెలలో థియేటర్లకు వచ్చింది. వచ్చిన రోజు నుంచీ డివైడ్ టాకే. దీనికి ముందొచ్చిన 'ఫ్యూరీ రోడ్' కన్నా గొప్పగా ఉందన్నవాళ్లున్నారు, అసలిది ఎవరడిగారని తీశారు అన్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరిలో ఎవరూ తెలివితక్కువవాళ్లు కారు. ఒకే సినిమా చూసి ఇంత తేడాగా ఎందుకు మాట్లాడారా అన్నదే నా ఆసక్తి. ఇంకా చూడనివాళ్లుంటే ముందే చెప్తున్నా, క్లైమాక్స్‌తో సహా అంతా బయటపెట్టేస్తాను. తర్వాత నన్ను అనొద్దు.

ఈ సిరీస్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జార్జ్ మిల్లర్ ఆస్ట్రేలియా దర్శకుడు. సినిమాల్లోకి రాకముందు డాక్టరు. ఆసుపత్రి ఎమర్జెన్సీలో రోడ్డు ప్రమాదాల దెబ్బలు దగ్గర్నుంచి చూసినవాడు. 1979లో చాలా తక్కువ డబ్బుతో 'మ్యాడ్ మ్యాక్స్' తీశాడు. 1981లో, 1985లో మరో రెండు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఖాళీ. 2015లో 'ఫ్యూరీ రోడ్'. నాగరికత కూలిపోయిన లోకం, ఎటు చూసినా ఎడారి, పెట్రోలు కోసం నీళ్ల కోసం కొట్లాటలు, తుక్కు ఇనుముతో కట్టుకున్న బళ్లు. సిరీస్ పేరు మ్యాక్స్‌దే అయినా ఆ సినిమాలో జనం తమదనుకున్నది మాత్రం ఒంటిచేతి ఫ్యూరియోసాని, ఛార్లీజ్ థెరాన్ వేసిన పాత్రని. పది ఆస్కార్ నామినేషన్లు వస్తే ఆరు గెలిచింది. ఆ ఫ్యూరియోసా చిన్నతనం నుంచి అక్కడిదాకా ఎలా వచ్చిందన్నదే ఈ ప్రీక్వెల్ కథ.

అందరికన్నా ముందు వినపడిన ఫిర్యాదు ఇది: 'ఆమె చావదని తెలుసు కదా, ఇక టెన్షన్ ఏముంటుంది?' ప్రీక్వెల్ అనగానే ఎవరి నోటికైనా మొదట వచ్చేది ఇదే. నాకైతే దీంట్లో పెద్ద పస కనిపించదు. రాయబారం ఫలించదని తెలిసే కదా జనం తెల్లవార్లూ కూర్చుని కృష్ణుడి పద్యాలు విన్నారు, వన్స్ మోర్ అని కేకలు వేసి మరీ విన్నారు.

మిల్లర్ ఈ ఇబ్బందిని ఎలా ఎదుర్కొన్నాడో ఒక్క ఉదాహరణ చూద్దాం. ఫ్యూరియోసా ఎడమ చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు పోవాలి. టికెట్ కొన్న ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. మనకు తెలుసని మిల్లర్‌కీ తెలుసు. అందుకే ఆ చేతి మీద ఒక కొత్త బరువు పెట్టాడు. ఎత్తుకొచ్చిన దుండగుల మధ్య పెరుగుతున్న ఆ పిల్ల, తను పుట్టిన పచ్చటి చోటు ఎటువైపుందో మరిచిపోకుండా నక్షత్రాల పటాన్ని ఆ ఎడమ చేతి మీదే పచ్చబొట్టు పొడుచుకుంటుంది. ఇంటికి వెళ్లాలంటే ఆ చెయ్యే దారి. ఏళ్ల తరబడి దాన్ని దాచుకుంటూ వస్తుంది. చివరికి పగవాళ్లకు చిక్కి, నుజ్జయిన ఆ చేతికే గొలుసు వేసి వేలాడదీస్తే, తప్పించుకోవడానికి తనే దాన్ని తెంపుకుని పోతుంది. చెయ్యి పోతుందని తెలిసి కూర్చున్నవాడికి, దాంతోపాటు ఇంటిదారి కూడా పోతుందని మాత్రం తెలియదు. నేను చూసిన హాల్లో ఆ దృశ్యం అవ్వగానే ఎవరో 'అయ్యో, మ్యాపు' అన్నారు. చెయ్యి అనలేదు!

దీనివల్ల పాత సినిమా కూడా కొంచెం మారిపోయింది. 'ఫ్యూరీ రోడ్'లో ఆమె ఇంటిని వెతుక్కుంటూ వెళ్తుంది. ఎన్నాళ్లయిందని అడిగితే ఏడువేల రోజులు, గుర్తులేనివి కాక, అంటుంది. తీరా చూస్తే ఆ పచ్చటి చోటు ఎప్పుడో విషపు బురదైపోయింది. రాత్రిపూట దాని మీదుగానే బండి నడిపి కూడా ఆమె పోల్చుకోలేదు. 2015లో అది మంచి విషాదం, అంతే. ఇప్పుడు మళ్లీ చూస్తే, పటం ఉన్న చెయ్యి లేని మనిషి జ్ఞాపకం ఒక్కటే పట్టుకుని అంత దూరం వచ్చిందన్న సంగతి గొంతుకు అడ్డం పడుతుంది. తెలిసిన కథ చెప్పి కూడా వెనకటి సినిమాకు బరువు పెంచడమంటే ఇదే.

రెండో ఫిర్యాదు దగ్గర నేను ఇంత ధీమాగా ఉండలేను. అదేమిటంటే, ల్యాగ్. ఈ మాట అన్నవాళ్లు ఉన్నదే చెప్పారు. 'ఫ్యూరీ రోడ్' రెండు గంటల సినిమా, కథ సుమారు మూడు రోజులది, వెళ్లడం ఒక ఛేజ్, తిరిగి రావడం ఇంకో ఛేజ్. అందులో దాదాపు 2,700 షాట్లున్నాయి, అంటే రెండు మూడు సెకన్లకో కట్. మిల్లర్ భార్య మార్గరెట్ సిక్సెల్ ఎడిటింగ్‌కు ఆస్కార్ వచ్చింది కూడా. 'ఫ్యూరియోసా' 148 నిమిషాలు, కథ పదిహేనేళ్ల పైచిలుకుది, ఐదు అధ్యాయాలు, ఒక్కోదానికీ తెర మీద ఒక పేరు. సినిమా మొదలైన సుమారు గంటవరకూ అన్యా టేలర్-జాయ్ కనిపించదు. అప్పటిదాకా చిన్న ఫ్యూరియోసాగా చేసిన అలైలా బ్రౌన్‌దే సినిమా.

పోస్టర్ మీద ముఖం ఒకరిది, గంటసేపు తెర మీద ఉన్నది ఇంకొకరు. ట్రైలర్లలో ఛేజ్ చూపించారు, లోపల ఒక జీవిత చరిత్ర ఉంది. పరుగు కోసం సిద్ధపడి వచ్చినవాడు కూర్చుని వినాల్సి వచ్చింది. కోపం రావడంలో తప్పేముంది? అదే సినిమాకు, ఒక మనిషి ఎలా తయారైందో చూద్దామని వచ్చినవాడికి ఆ మొదటి గంటే అన్నింటికన్నా నచ్చింది. ఈ డివైడ్ టాక్‌లో ముప్పావు వంతు ఇక్కడే పుట్టిందని నా అనుమానం. ప్రీక్వెల్ కావడం కన్నా, ముందు సినిమా వేగానికి అలవాటుపడ్డ ఒంటిని ఇంకో వేగంలో కూర్చోబెట్టడమే అసలు గొడవ.

ఇరుపక్షాలూ రాజీపడ్డ చోటు ఒకటుంది. మూడో అధ్యాయంలో వార్ రిగ్ మీద, అంటే యుద్ధానికి తయారుచేసిన పెద్ద ట్యాంకర్ లారీ మీద జరిగే దాడి. తెర మీద పావుగంట. తీయడానికి 78 రోజులు పట్టిందని, దాదాపు రెండు వందల మంది స్టంట్‌వాళ్లు పనిచేశారని సినిమా బృందమే చెప్పింది. ఫ్యూరియోసా అప్పటికి మూగ కుర్రాడి వేషంలో పనివాళ్లలో కలిసి బతుకుతోంది. పారిపోదామని కొత్త ట్యాంకర్ అడుగున దాక్కుంటుంది. కొంత దూరం పోయాక దుండగులు మీద పడతారు. కొందరు బైకుల మీద, కొందరు బైకులు లాగుతున్న పారాచూట్లకు వేలాడుతూ గాల్లోంచి. బండి అడుగున పాకుతున్న ఆ అమ్మాయికి పైన ఏం జరుగుతోందో కనపడదు. చప్పుళ్లు వింటుంది, పడిపోతున్న మనుషుల్ని చూస్తుంది. బండి ఆగిపోతే తన పని కూడా అయిపోతుంది కాబట్టి పాకుతూ, మరమ్మతు చేస్తూ, పైకెక్కి పోరాడుతూ బండిని కాపాడుతుంది. ఆ పావుగంటలో ఆమె నోట ఒక్క మాట లేదు. అయినా ఆమెకు ఇంజన్ల గురించి ఏం తెలుసో, ఎంత భయపడుతుందో, ఎంత మొండిదో అంతా తెలిసిపోతుంది. చివరికి బండి మీద మిగిలింది ఇద్దరే, ఆమె, డ్రైవర్ జాక్. కాపాడిన చేత్తోనే అతని మీద తుపాకి ఎక్కుపెట్టి బండి తనకివ్వమంటుంది. అతను ఆమెను దారిలో దింపేస్తాడు. కాస్త దూరం వెళ్లి ఆగుతాడు. ఈ సినిమాలో ఉన్న కాస్త ప్రేమకథ అక్కడ మొదలైంది. ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

ల్యాగ్ అన్నవాళ్లు కూడా దీన్ని మెచ్చుకున్నారు. మెచ్చుకుని, 'సినిమా అంతా ఇలా ఉంటే బావుండేది' అన్నారు. ఉంటే అది 'ఫ్యూరీ రోడ్' అయ్యేది, అది ఇప్పటికే మన దగ్గర ఉంది.

గ్రాఫిక్స్ గోల గురించి ఎక్కువ చెప్పను. 2023 చివర్లో ట్రైలర్ రాగానే, వీడియో గేమ్‌లా ఉందన్నారు. 'ఫ్యూరీ రోడ్' అంతా నిజంగా తీసిందేనని చాలామంది నమ్మకం. అందులోనూ కంప్యూటర్ చెయ్యి పడ్డ షాట్లు సుమారు రెండు వేలున్నాయి. కాకపోతే అక్కడ అవి కనపడలేదు, ఇక్కడ కొన్నిచోట్ల కనపడ్డాయి. కనపడినవాటిని కనపడ్డాయనడం ప్రేక్షకుడి హక్కు.

నటుల దగ్గరికి వస్తే, థెరాన్‌ని కాదని చిన్న వయసు నటిని తీసుకున్నందుకు అలిగినవాళ్లు సినిమా రాకముందే తయారుగా ఉన్నారు. అన్యాకు సినిమా మొత్తంలో ముప్పై చిల్లర డైలాగులు. ఆమె నటించింది కళ్లతో. కొందరికి అది లోతుగా అనిపించింది, కొందరికి ఖాళీగా అనిపించింది. విలన్ డిమెంటస్‌గా క్రిస్ హెమ్స్‌వర్త్‌కి మాత్రం మాటలే మాటలు. పెట్టుడు ముక్కు, మూడు బైకులు లాగే రథం, పోయిన పిల్లల గుర్తుగా ఒంటి మీద వేలాడే టెడ్డీ బొమ్మ. జోకర్‌లా ఉన్నాడు, విలన్ అంటే భయం వెయ్యాలి కదా అని విసుక్కున్నవాళ్లున్నారు. నాకు అతనే ఈ సినిమాలో గొప్ప సంగతి. రాజ్యం గెలవడం తెలిసి, ఏలడం తెలియనివాడు. చేతికి వచ్చిన ప్రతి ఊరినీ ఎండగట్టేవాడు. అలాంటివాడు వాగుడుకాయ కాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

క్లైమాక్స్ మీద వచ్చిన గొడవంతా అతని వల్లే. అందరూ పెద్ద యుద్ధం కోసం చూశారు. నలభై రోజుల యుద్ధం జరుగుతుంది కూడా, కానీ దాన్ని కథకుడి గొంతులో నాలుగు ముక్కల్లో తేల్చేశారు. ఆ తర్వాత ఎడారిలో ఇద్దరే మిగులుతారు. ఆమె తల్లిని చంపినవాడు, ఆమె. అక్కడ కొట్లాట ఎక్కువ లేదు, మాటలున్నాయి. నన్ను ఎంత హింసించినా నీ అమ్మ తిరిగి రాదు, నువ్వూ నాలాంటిదానివే అని అతను రెచ్చగొడతాడు. అతన్ని ఎలా చంపిందన్నది కూడా సూటిగా చూపించరు. జనం ఇలా అనుకున్నారు, అలా అనుకున్నారు అని రకరకాల కథలు చెప్పి, అసలు సంగతి ఆమే నా చెవిలో చెప్పిందంటాడు కథకుడు. చిన్నప్పటి నుంచి దాచుకున్న పీచు పండు విత్తనాన్ని అతని ఒంట్లోనే నాటిందట, బతికుండగానే చెట్టు మొలిచిందట. నమ్మాలా వద్దా అన్నది మన ఇష్టం. పగ తీరిన తృప్తి కోసం రెండున్నర గంటలు కూర్చున్నవాళ్లకు ఈ ముగింపు ఉప్పు లేని కూర. నాకు మాత్రం ఆ ఎడారి మాటల్ని మించిన చోటు ఈ సినిమాలో లేదు.

ఇక లెక్కలు. అమెరికా, కెనడాల్లో మెమోరియల్ డే సెలవుల నాలుగు రోజుల్లో సుమారు 3.2 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ సెలవులకు అది చాలా పేలవమైన ఓపెనింగ్. బడ్జెట్ 16.8 కోట్ల డాలర్లు, ప్రపంచమంతా కలిపి వసూళ్లు 17.4 కోట్ల దగ్గర ఆగాయి. థియేటర్ల వాటా తీసేస్తే నష్టమే, ఫ్లాపే. దీన్ని పట్టుకుని 'చూశారా, జనానికి నచ్చలేదు' అన్నారు. ఇక్కడ నాకు పేచీ ఉంది. రానివాళ్లకు సినిమా నచ్చకపోవడం ఎలా కుదురుతుంది? అక్కడ సినిమాస్కోర్ అని ఒక సంస్థ ఉంది. మొదటిరోజు హాల్లో ఉన్నవాళ్ల చేతే కార్డు నింపించి సినిమాకు గ్రేడు ఇస్తుంది. 'ఫ్యూరియోసా'కి బీ ప్లస్ వచ్చింది. 2015లో 'ఫ్యూరీ రోడ్'కీ బీ ప్లసే. ఇవాళ అందరూ నెత్తిన పెట్టుకుంటున్న ఆ సినిమా కూడా మొదటి వారాంతం అమెరికాలో రెండో స్థానంలోనే నిలిచింది. డబ్బు లెక్కలు వచ్చినవాళ్ల సంఖ్య చెప్తాయి, వచ్చినవాళ్ల మనసు చెప్పవు.

ఇంతసేపు వెనకేసుకొచ్చాను కాబట్టి, నా ఫిర్యాదు కూడా చెప్పాలి. దీన్ని నేను కొట్టిపారేయలేను.

'ఫ్యూరీ రోడ్' చివర్లో, అందులో విలన్ అయిన నియంత ఇమ్మోర్టన్ జో ముఖానికున్న తొడుగు పీకేసే ముందు ఆమె 'గుర్తున్నానా?' అంటుంది. అంత కసి ఎక్కడిది? 2015 నుంచి అభిమానులు దీని గురించి బోలెడు ఊహలు అల్లుకున్నారు. ప్రీక్వెల్ వస్తోందనగానే జవాబు దొరుకుతుందనుకున్నారు. దొరికింది కొంచెమే. చిన్నపిల్లగా ఆమెను జో బేరంలో తీసుకుంటాడు, పెద్దయ్యాక భార్యను చేసుకుందామని. ఆమె తప్పించుకుంటుంది. ఆ తర్వాత కథంతా డిమెంటస్ మీద పగే. ఆ డిమెంటస్ ఊసు 'ఫ్యూరీ రోడ్'లో ఎక్కడా రాదు.

అంతకన్నా పెద్ద లోటు ఇంకోటుంది. ఆ సినిమాలో ఆమె తను చేసినవాటికి విముక్తి వెతుక్కుంటున్నానంటుంది. ఏం చేసిందని? జో సైన్యంలో ఇంపరేటర్ పదవి ఊరికే రాదు. ఎవరెవరిని తొక్కి పైకొచ్చింది? జో మాట మీద ఎవరిని చంపింది? అతని భార్యలు బందీలుగా ఉన్నారని తెలిసీ ఎన్నేళ్లు నోరు మూసుకుంది? ప్రీక్వెల్‌లో ఆమె మొదటి నుంచి చివరిదాకా అన్యాయం జరిగిన మనిషే, తను అన్యాయం చేసిన మనిషిగా ఎక్కడా కనపడదు. పగ తీరాక ఒక పండు పట్టుకుని ఆ భార్యల దగ్గరికి వస్తుంది, వాళ్లను బండిలో దాస్తుంది, సినిమా అయిపోతుంది, టైటిల్స్ మీద పాత సినిమా ముక్కలు వేస్తారు. జో కొలువులో ఆమె చేతికి రక్తం అంటిన ఆ కాలాన్ని చూపించే ఆరో అధ్యాయం ఉండాల్సింది. నెమ్మదిగా నడిచినా సరే, ఇంకో గంట కూర్చునేవాణ్ణి.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఇక మీరు అడగండి. ల్యాగ్ అన్నవాళ్లు ముందు వరసలోనే కనిపిస్తున్నారు, వాళ్లతోనే మొదలుపెడదాం.