ఉద్యోగం మానకుండా షిప్పింగ్ లా చదవొచ్చా?

అందరికీ నమస్కారం. ఈ వారం ఒక తమ్ముడు పంపిన వాయిస్ మెసేజ్‌తో మొదలుపెడతాను. ఆయన మాటల్లోనే చెబుతాను. "అన్నా, నేను బీకాం. విశాఖలో ఒక సీహెచ్ఏ ఆఫీసులో, అంటే కస్టమ్స్ క్లియరెన్స్ చూసే ఏజెంటు దగ్గర, తొమ్మిదేళ్లుగా ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంట్లు చూస్తున్నాను. ఇంట్లో పాప ఉంది, ఈఎంఐ ఉంది, ఉద్యోగం మానలేను. ఎల్‌ఎల్‌ఎం చేస్తే లైఫ్ మారుతుందని అందరూ అంటున్నారు. ఫోన్ తీస్తే చాలు, ఆన్‌లైన్ ఎల్‌ఎల్‌ఎం అని ప్రకటనలు. చేరమంటారా?"

తమ్ముడూ, ముందు డబ్బు కట్టకు. ఈ వీడియో మొత్తం చూసి, అప్పుడు నిర్ణయం తీసుకో.

నీ ప్రశ్న నాకు బాగా అర్థమవుతుంది, ఎందుకంటే నేనూ ఆ కుర్చీలోనే కూర్చున్నవాణ్ని. విశాఖలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో డాక్యుమెంటేషన్ నా పని. రోజూ నా చేతి మీదుగా బీఎల్‌లు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్‌లు వెళ్తాయి. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. సరుకు ఓడ ఎక్కాక షిప్పింగ్ లైన్ ఇచ్చే కాగితం అది. సరుకు అందిందనడానికి రసీదు అదే, మోసుకెళ్తామన్న ఒప్పందానికి సాక్ష్యం అదే, అవతలి రేవులో సరుకు విడిపించుకునే హక్కు కూడా దానిదే. మామూలుగా మూడు ఒరిజినల్స్ ఇస్తారు. వాటిలో ఒకటి చూపించి సరుకు తీసుకున్నారంటే మిగతా రెండింటికీ విలువ ఉండదు. అందుకే వాటిని బంగారంలా దాచుకుంటాం.

కొన్నేళ్ల కిందట మా కంటైనర్ ఒకటి విదేశానికి వెళ్లింది. ఫ్రోజెన్ రొయ్యలు, మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి. దారిలో ఎక్కడో టెంపరేచర్ తప్పింది. కొన్నవాడు సరుకు వద్దన్నాడు. మా ఆఫీసు నుంచి షిప్పింగ్ లైన్ ఏజెంటుకి మెయిల్ పెట్టాం. "పరిశీలిస్తున్నాం" అని జవాబు. మళ్లీ మెయిల్, మళ్లీ అదే జవాబు. సర్వే రిపోర్టు అడిగారు, ఇచ్చాం. టెంపరేచర్ డేటా అడిగారు, ఇచ్చాం. ఇలా పదమూడు నెలలు గడిచాయి. చివరికి ఒక లాయరుగారి దగ్గరికి ఫైలు పట్టుకెళ్లాం. ఆయన అంతా వినలేదు. ఒక్కటే అడిగారు: "డెలివరీ ఏ తేదీన అయింది?" చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టేశారు.

ఏడాది దాటిపోయింది. సముద్రం మీద సరుకు రవాణాకి హేగ్ నియమాలని ఉన్నాయి. మన దేశంలో 1925 చట్టంతో అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం సరుకు చేతికొచ్చిన రోజు నుంచి, ఒకవేళ రాకపోతే రావాల్సిన రోజు నుంచి, ఏడాదిలోపు కేసు వేయాలి. లేకపోతే షిప్పింగ్ లైన్ బాధ్యత తీరిపోయినట్టే. అంతేకాదు, పైకి కనపడని నష్టమైతే మూడు రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే సరుకు బాగానే అందిందని మొదటి చూపులో అనుకుంటారు, కాదని నిరూపించుకునే భారం మన మీద పడుతుంది. గడువు పెంచమని లైన్‌ని రాతపూర్వకంగా అడిగి ఒప్పించే దారి కూడా ఉందని ఆ రోజే తెలిసింది. మేం రాసిన మెయిళ్లలో ఒక్కదాంట్లో కూడా ఆ మాట అడగలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేకపోయాను. డబ్బు కంపెనీది, నిజమే. కానీ రోజూ బీఎల్ పట్టుకునేవాణ్ని నేను. ముందు పేజీలో షిప్పర్ (సరుకు పంపేవాళ్లు) పేరు, కన్సైనీ (అందుకునేవాళ్లు) పేరు, కంటైనర్ నంబరు, సీల్ నంబరు, ఎక్కడా ఒక్క అక్షరం తప్పు పోనివ్వను. వెనక పేజీలో చీమ తలకాయంత అక్షరాలు ఉంటాయి చూడండి, అది మాత్రం అన్నేళ్లలో ఒక్కసారి కూడా చదవలేదు. ఆ రాత్రి కూతురి స్కూలు ప్రాజెక్టు కోసం కొన్న భూతద్దం తీసుకుని చదవడం మొదలుపెట్టాను. గొడవ వస్తే ఏ దేశం కోర్టుకి వెళ్లాలో అందులో ఉంది. లండన్ హైకోర్టు. కొన్ని పెద్ద లైన్ల బీఎల్‌ల వెనక ఇదే ఉంటుంది. విశాఖలో ఎక్కిన సరుకు, దారిలో పాడైంది, పంచాయితీ లండన్‌లో!

నా చదువు అక్కడ మొదలైంది. అందుకే ఆ తమ్ముడికి చెప్పేది ఒక్కటే. ఏ డిగ్రీ చేయాలి అన్నది తర్వాత. నీ టేబుల్ మీదకి ఏ కాగితం వస్తోంది, దాన్ని ఏ చట్టం నడిపిస్తోంది అన్నది ముందు చూసుకో. బ్యాంకులో రికవరీ చూసేవాళ్లకి అది దివాలా చట్టం కావచ్చు, ఆడిటర్ దగ్గర పనిచేసేవాళ్లకి జీఎస్టీ కావచ్చు. నీకూ నాకూ అది షిప్పింగ్ లా. తొమ్మిదేళ్ల అనుభవం ఉన్నవాడు ఆ అనుభవానికి సంబంధం లేని చట్టం చదివితే కాలేజీ కుర్రాళ్లతో సమానంగా సున్నా నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. తన కాగితం తాను చదివితే ఆ తొమ్మిదేళ్లూ పనికొస్తాయి.

ఇప్పుడు డిగ్రీల పేర్ల దగ్గరికి వద్దాం, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

ఎల్‌ఎల్‌ఎం అంటే ఎల్‌ఎల్‌బీ చదివినవాళ్లు చేసే పీజీ. బీకాం తర్వాత నేరుగా చేసేది కాదు. మన తెలుగు రాష్ట్రాల్లో చాలా కాలేజీలకి పీజీఎల్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఏడాది కోర్సు ఉంది, రెండేళ్ల కోర్సు ఉంది, రెండూ కాలేజీకి వెళ్లి చదివేవే. మరి ఆన్‌లైన్ ఎల్‌ఎల్‌ఎం, ఎగ్జిక్యూటివ్ ఎల్‌ఎల్‌ఎం, ఎల్‌ఎల్‌ఎం ప్రొఫెషనల్ అంటూ వచ్చే ప్రకటనలు? తన అనుమతి లేకుండా ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో, హైబ్రిడ్‌లో ఈ పేర్లతో నడిపే కోర్సులను గుర్తించేది లేదని, లా చదువునీ లాయర్ల వృత్తినీ చూసే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2025లో గట్టిగా హెచ్చరించింది. రేపు లెక్చరర్ ఉద్యోగానికి ఆ సర్టిఫికెట్ పట్టుకెళ్తే తిప్పి పంపుతారు. అందుకే డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న మెయిల్‌లో అడగండి: "ఈ కోర్సుకి బార్ కౌన్సిల్ అనుమతి ఉందా? ఉంటే ఆ లెటర్ పంపండి." ఫోన్‌లో అడగొద్దు. ఫోన్‌లో అందరూ ఉందనే చెబుతారు.

మరి మనలాంటివాళ్లకి దారేది? ఎంఏ, పీజీ డిప్లొమా. ఇవి ఏ డిగ్రీ ఉన్నవాళ్లైనా చేయొచ్చు. హైదరాబాద్ శామీర్‌పేటలో నల్సార్ ఉంది, 1998లో పెట్టిన లా యూనివర్సిటీ. వాళ్ల దూరవిద్య విభాగం మారిటైమ్ లాస్‌లో రెండేళ్ల ఎంఏ నడుపుతోంది. ఏవియేషన్ లాకి కూడా అలాంటి కోర్సే ఉంది. ఏ ఏడాది ఏ కోర్సులు తీసుకుంటున్నారో నోటిఫికేషన్‌లో చూసుకోండి. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో మాస్టర్ ఆఫ్ బిజినెస్ లాస్ చాలా ఏళ్లుగా ఉంది, ఉద్యోగస్తుల్లో దానికి మంచి పేరు. అది షిప్పింగ్ ఒక్కటే కాదు, మొత్తం వాణిజ్య చట్టాల మీద. కాంట్రాక్టుల పునాది బలంగా లేదనుకునేవాళ్లకి అది మంచిది.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఎంఏ చేసినా, డిప్లొమా చేసినా మీరు లాయర్ అవ్వరు. కోర్టులో నిలబడి వాదించాలంటే ఎల్‌ఎల్‌బీ చేసి బార్‌లో ఎన్‌రోల్ అవ్వాలి. పూర్తికాలం జీతం ఉద్యోగం చేస్తూ ప్రాక్టీసు చేయడం కుదరదు, బార్ కౌన్సిల్ 49వ నియమం ఒప్పుకోదు. కానీ మన లక్ష్యం కోర్టులో నిలబడటం కాదు కదా. కంపెనీలో క్లెయిమ్స్ డెస్క్, అంటే నష్టపరిహారం పని, చూసేవాళ్లు, ఇన్సూరెన్స్ సర్వేయర్లతో మాట్లాడేవాళ్లు, లాయరుగారికి ఫైలు తయారుచేసి ఇచ్చేవాళ్లు, వీళ్లకి చట్టం తెలియడం చాలా అవసరం. గడువు దాటకుండా కాపాడేది లాయర్ కాదు, డెస్క్ మీద కూర్చున్నవాడే. లాయర్ దగ్గరికి ఫైలు వెళ్లేసరికి ఆలస్యం అయిపోయి ఉంటుంది.

సరే, చదువు ఎలా ఉంటుంది? ఒక కేసు చెబుతాను. షిప్పింగ్ లా ఎక్కడ చదివినా మన దేశంలో మొదట చెప్పే కేసుల్లో ఇదొకటి, పైగా మన విశాఖ కథ.

ఎంవీ ఎలిజబెత్ అని ఒక ఓడ. యజమానులు గ్రీస్‌లో వ్యాపారం చేసే విదేశీ కంపెనీ. 1984 ఫిబ్రవరిలో గోవాలోని మార్మగోవా రేవు నుంచి సరుకుతో బయలుదేరింది. సరుకు పంపిన కంపెనీ అడిగిన బిల్స్ ఆఫ్ లేడింగ్ ఇవ్వకుండానే వెళ్లిపోయింది. కొన్నవాడు డబ్బు చెల్లించలేదు, సరుకు అప్పగించొద్దని పంపినవాళ్లు మొత్తుకున్నా, అవతలి రేవులో అప్పగించేశారు. ఓడేమో విదేశీది. ఎవరిని పట్టుకుంటాం? రెండు నెలలకి, ఏప్రిల్‌లో, అదే ఓడ విశాఖ రేవుకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో ఓడని అక్కడే అరెస్ట్ చేశారు. అవును, ఓడనే. షిప్పింగ్ లాలో ఓడ మీదే కేసు వేయొచ్చు. యజమాని ఏడు సముద్రాల అవతల ఉన్నా, ఓడ రేవులో ఉందంటే హామీ డబ్బు కట్టి విడిపించుకోవాల్సిందే.

యజమానులు ఏమన్నారంటే, ఓడల మీద విచారించే అడ్మిరాల్టీ అధికారం బ్రిటిష్‌వాళ్ల కాలంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు హైకోర్టులకే ఇచ్చారు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి ఆ అధికారమే లేదన్నారు. వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1992లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. స్వతంత్ర దేశంలో హైకోర్టు అధికారాన్ని వలస పాలనలో రాసుకున్న పాత చట్టాలకి కట్టేయలేరని చెప్పింది. తర్వాత 2017లో అడ్మిరాల్టీ చట్టం వచ్చినప్పుడు ఏయే హైకోర్టులకి ఈ అధికారం ఉందో పేర్లు పెట్టి రాశారు, వాటిలో అప్పటి హైదరాబాద్ హైకోర్టు కూడా ఉంది. నేను ఈ తీర్పు మొదటిసారి చదివినప్పుడు మూడు వారాలు పట్టింది. రాత్రి పదింటికి కూర్చుంటే రోజుకి నాలుగు పేజీలు. భాష కష్టంగానే ఉంటుంది. కానీ "విశాఖపట్నం పోర్ట్" అన్న మాట కనబడగానే నిద్ర మత్తు వదిలిపోయింది. నేను రోజూ బస్సులో దాటే రేవు అది!

ఇప్పుడే చదవడానికి ఇంకో కారణం ఉంది. 2025లో పార్లమెంటు ఈ రంగంలో ఒక్క ఏడాదిలోనే ఐదు చట్టాలు ఆమోదించింది. 1856 నాటి బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం స్థానంలో కొత్తది. ఆలోచించండి, 1857 తిరుగుబాటు కంటే ముందటి చట్టం మొన్నటిదాకా మన బీఎల్‌లని నడిపించింది. సరుకు రవాణాకి 1925 చట్టం స్థానంలో కొత్తది, మర్చంట్ షిప్పింగ్‌కి 1958 చట్టం స్థానంలో కొత్తది, రేవులకి 1908 చట్టం స్థానంలో కొత్తది, తీరం వెంబడి రవాణాకి విడిగా ఒకటి. అంటే ఇరవై ఏళ్ల అనుభవమున్న సీనియర్ కూడా ఇప్పుడు మళ్లీ చదువుకోవాల్సిందే. తమ్ముడూ, నీకు ఇంతకంటే మంచి సమయం దొరకదు.

చదవడం గురించి నా పద్ధతి చెబుతాను. ఆదివారం మొత్తం చదువుతా అని పెట్టుకోకండి. ఆదివారం పెళ్లిళ్లు ఉంటాయి, చుట్టాలు వస్తారు, పిల్లలు బీచ్‌కి తీసుకెళ్లమంటారు. రోజూ నలభై ఐదు నిమిషాలు చాలు. మీ ఆఫీసులో ముగిసిపోయిన ఒక పాత ఫైలు అనుమతి అడిగి తీసుకోండి. ఆ రోజు చదివిన అధ్యాయం ఆ ఫైలుకి వర్తిస్తుందేమో చూడండి. సరుకు పాడైన ఫైలైతే నోటీసు ఏ రోజు ఇచ్చారు, ఏడాది గడువు ఏ రోజుకి ముగిసింది, పక్కన పెన్సిల్‌తో రాసుకోండి. ఇంగ్లీషు అర్థం కాకపోతే సిగ్గుపడకండి. నేను "లీన్" అన్న మాట దగ్గరే రెండు రోజులు ఆగిపోయాను. సరుకు తాకట్టులా పట్టుకుని ఉంచుకునే హక్కు అని తెలిశాక, మా లోకల్ గోడౌన్‌వాళ్లు అద్దె బాకీకి సరుకు ఆపడం గుర్తొచ్చి వెంటనే అర్థమైంది.

ఫీజు గురించి ఒక మాట. మీ మేనేజరుతో మాట్లాడండి, కానీ "నేను చదువుకుంటా, సాయం చేయండి" అని అడగకండి. గత మూడేళ్లలో మీ కంపెనీ వదిలేసుకున్న క్లెయిమ్‌ల మొత్తం ఒక కాగితం మీద రాసి, దాని పక్కన కోర్సు ఫీజు రాసి టేబుల్ మీద పెట్టండి. మా మేనేజరుగారు ఆ కాగితం చూసి ఒక నిమిషం మాట్లాడలేదు. సగం ఫీజు కంపెనీ కట్టింది.

విదేశాల్లో చదవాలని కొందరు అడుగుతున్నారు. మాల్టాలో ఐక్యరాజ్యసమితి సముద్ర సంస్థ 1988లో పెట్టిన ఇంటర్నేషనల్ మారిటైమ్ లా ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ యూనివర్సిటీకి ఈ చట్టంలో పెద్ద పేరుంది. ఎల్‌ఎల్‌బీ చేసి, పూర్తిగా ఇదే వృత్తి అనుకునే యువ లాయర్లకి అవి. దాని మీద విడిగా వీడియో చేస్తాను.

ఆ తమ్ముడికి నిన్న ఫోన్ చేశాను. ఎల్‌ఎల్‌ఎం సంగతి పక్కన పెట్టమని, నోటిఫికేషన్ వచ్చేదాకా ఒక బీఎల్ వెనక పేజీ పెద్ద సైజులో జిరాక్స్ తీయించి చదవమని చెప్పాను. ఇవాళ పొద్దున ఫోటో పంపాడు. ఏ త్రీ కాగితం మీద, మూడో క్లాజు కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, "అన్నా, ఇక్కడ క్యారియర్ అంటే ఓడ ఓనరా, లైనా?" అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న. వచ్చే వారం దాని మీదే మాట్లాడదాం. నమస్తే.