కొబ్బరాకు బూరకి కత్తెర అక్కర్లేదు

(ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బల్ల మీద ఈ కొబ్బరాకులు ఎందుకున్నాయా అని వచ్చినప్పటి నుంచి చూస్తున్నారు. వాటి సంగతి చివర్లో. ఆ తడి గుడ్డ మాత్రం తీయకండి, ఫ్యాను గాలికి ఎండితే చుట్టేటప్పుడు చిట్లిపోతాయి.

కిందటేడు ఒక స్కూల్లో ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ పోటీకి నన్ను జడ్జిగా పిలిచారు. హాలు నిండా బల్లలు, బల్లల నిండా తళుకులు. ఒక పాప ముందు పెద్ద కోట ఉంది. థర్మాకోల్ గోడలు, ఐస్‌క్రీం పుల్లల తలుపులు, పైన గ్లిట్టరు. బాగుంది. “ఇందులో వేస్ట్ ఏదమ్మా?” అని అడిగాను. పాప వాళ్లమ్మ వైపు చూసింది. ఆవిడ నవ్వి, “పుల్లలండీ. ప్యాకెట్ కొన్నాం” అంది.

నేనేమీ పెద్దమనిషి తరహాలో మాట్లాడి రాలేదు. ఆ కోటకి రెండో బహుమతి ఇచ్చింది నేనే. సాయంత్రం బయటికొస్తుంటే ఆయా గోనెసంచి పట్టుకుని బల్లలు ఖాళీ చేస్తోంది. కోట పట్టలేదు, కాలితో తొక్కి సంచిలో కుక్కింది. పొద్దున షాపులో ఉన్న సరుకు సాయంత్రానికి చెత్తకుండీలోకి చేరింది. మధ్యలో మేం దానికి సర్టిఫికెట్ కూడా ఇచ్చాం. ఇంకో ముక్క చెప్పాలి. అలంకరణకి వాడే థర్మాకోల్ 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్కుల జాబితాలో ఉంది. ప్లాస్టిక్ ఐస్‌క్రీం పుల్లలు, బెలూన్ల పుల్లలు కూడా అందులోనివే. పర్యావరణం పేరుతో పెట్టిన పోటీలో నిషేధించిన సరుకుకి బహుమతి ఇచ్చానన్నమాట.

ఇంటికొచ్చాక చాలాసేపు ఆలోచించాను, తప్పు ఎక్కడ జరిగిందా అని. పాపది కాదు. వాళ్లమ్మదీ కాదు, ఆవిడ రాత్రి పదకొండింటి దాకా కూర్చుని అతికించి ఉంటుంది. ముందు కోట అని తేల్చుకున్నారు, తర్వాత సరుకు కోసం షాపుకి వెళ్లారు. నా చిన్నప్పుడు ఇది తలకిందులుగా ఉండేది. సరుకు ముందు కాళ్లకి తగిలేది. దానితో ఏమవుతుందో అదే చెప్పేది.

మాది కోనసీమ పల్లెటూరు. ఎండాకాలం ముంజల కాలం. ముంజలు తినేశాక తాటికాయ బుర్రలు మిగులుతాయి కదా, రెండు బుర్రలు ఏరుకుని, వాటి మధ్యలోంచి ఒక పుల్ల గుచ్చి, ఆ ఇరుసు మీద పొడుగాటి పంగలకర్ర ఆనించి తోసుకుంటూ ఊరంతా పరిగెత్తేవాళ్లం. ఇదే ముంజకాయల బండి. ఇక్కడ తలలు పండినవాళ్లు నవ్వుతున్నారు, అంటే తోలారన్నమాట. ఆ రెండు బుర్రలూ ఒకే సైజువి కాకపోతే బండి ఒక పక్కకే పోతుంది. పుల్ల నడిమధ్యలో గుచ్చకపోతే ఎగిరెగిరి పడుతుంది. మా సైన్సు మాస్టారు ఇరుసు గురించి పాఠం చెప్పేసరికి మాకు దాని బాధలన్నీ తెలుసు. నాలుగు రోజులకి బుర్ర వడిలి కన్నం వదులైపోయేది. బండి గట్టు మీద పడేసి ఇంకోటి చేసుకునేవాళ్లం. పడేసింది పశువు తినేది, లేదా మట్టిలో కలిసేది.

చింతపండు తీశాక పిక్కలు మిగిలేవి. వాటిని అరుగు మీద ఒక పక్క అరగదీస్తే తెల్లగా తేలేది. అవే అష్టాచమ్మా పిక్కలు. తెల్లవైపు ఎన్ని పడితే అన్ని గడులు. అరగదీయడం ఒక పెద్ద పని, వేలు కాలేది. ఎక్కువ అరగదీస్తే పిక్క పల్చబడి ఎప్పుడూ ఒకే వైపు పడేది. అలాంటి పిక్కలు దాచుకున్న మోసగాళ్లూ ఉండేవాళ్లు, పేర్లు చెప్పను.

మాకు పిక్క ఆట వస్తువు. కొండపల్లిలో అదే చింతపిక్క ఇంకో పని చేస్తుంది. అక్కడ బొమ్మలు చెక్కేది తెల్లపొణికి చెక్కతో. తేలిక, మెత్తన, ఉలికి లొంగుతుంది. చేతులు, కాళ్లు, తల విడివిడిగా చెక్కి అతుకుతారు. అతకడానికి చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తారు. దాన్ని మక్కు అంటారు. చూడండి, చెక్కేటప్పుడు రాలిన పొట్టే మళ్లీ ఆ బొమ్మ కీళ్లలోకి వెళ్తోంది. ఏటికొప్పాకలో అంకుడు కర్ర. దాన్ని లేత్ మీద తిప్పుతూ లక్క రంగు పట్టిస్తారు. పసుపులాంటి చెట్టు సరుకుతో రంగులు తీసే పద్ధతిని అక్కడ మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి ఇచ్చే బొమ్మ ఏ రంగుతో చేశారన్నది చిన్న విషయం కాదు.

పాలమూరు వైపు కిన్నెర చూసే ఉంటారు. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ వాద్యంలో నాదం పలికేది ఎండిన సొరకాయ బుర్రల్లోంచి. పైన వెదురు. సొరకాయ పాదు మీదే ముదిరి, తొడిమ ఎండేదాకా కోయకూడదు. తొందరపడి కోస్తే లోపల కుళ్లుతుంది. ఎండాక ఊపితే గింజలు గలగలమంటాయి. అంటే దొరికిన సరుకుతో చేసేవాడికి ముందు కావలసింది ఓపిక. రెండోది, ఏది ఎప్పుడు దొరుకుతుందో తెలియడం. తంగేడు, గునుగు ఎవరూ నాటరు, నీళ్లు పోయరు. బతుకమ్మ పేర్చే ఇంట్లో పిల్లలకి మాత్రం అవి ఏ గట్టున పూస్తాయో తెలుసు.

ఇక బొంత. దీని గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టండి.

మా నానమ్మకి నాలుగు నూలు చీరలు ఉండేవి. చీర చిరిగితే ముందు మా అక్కకి పరికిణీ అయ్యేది. పరికిణీ చిరిగితే బొంతలోకి. బొంత చివికితే మసిగుడ్డ. మసిగుడ్డ కూడా అయిపోతే పొయ్యి రాజేసేది. బొంత కుట్టే రోజు చావిడి ఊడ్చి పాత చీరలు నాలుగైదు వరసలు పరిచి, మూలల మీద రాళ్లు పెట్టేవారు. నానమ్మ ఒక అంచున, పక్కింటి పిన్ని ఎదురు అంచున కూర్చుని కుట్టుకుంటూ లోపలికి వచ్చేవాళ్లు. కుట్టు బియ్యపు గింజంత. దారం గట్టిగా లాగితే బొంత ముడుచుకుపోతుంది, వదిలేస్తే పొరలు జారిపోతాయి. “చెయ్యి బిగపట్టకే” అని నానమ్మ మా అక్కని కసురుకోవడం నాకింకా వినిపిస్తుంది. మా తమ్ముడు పుట్టినప్పుడు ఆ బొంత మీదే పడుకోబెట్టారు. ఎన్నో ఉతుకులు ఉతికిన నూలుగుడ్డ అంత మెత్తన కొత్త గుడ్డ ఏదీ ఉండదు.

ఇక్కడ నేను అబద్ధం చెప్పకూడదు. నానమ్మ భూగోళాన్ని కాపాడదామని బొంత కుట్టలేదు. దుప్పటి కొనడానికి డబ్బుల్లేక కుట్టింది. మా నాన్నకి ఉద్యోగం వచ్చాక ఆవిడే బజారు దుప్పటి కప్పుకుని, “హమ్మయ్య” అంది. ఆ లేమిని ఇప్పుడు మనం అందమైన జ్ఞాపకంగా అమ్ముకోకూడదు. కానీ ఆ చేతికి తెలిసిన విద్య వేరు, లేమి వేరు. లేమి పోవాలి. విద్య ఎందుకు పోవాలి?

ఆ విద్య పోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. మా కోడలు ముచ్చటపడి పాత చీరలతో బొంత కుట్టించింది. అన్నీ పాలిస్టర్. పొరలు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి, చెమట పీల్చదు, కప్పుకుంటే ఉడికిపోతాం. అది ఇప్పుడు స్కూటర్ మీద కప్పడానికి పనికొస్తోంది. అదీ మంచిదే అనుకోండి! గుడ్డ గుణం చూడకుండా ‘పాతది’ అన్న ఒక్క మాట చూసి కుట్టించాం.

కాగితం సంగతి కూడా అంతే. చిత్తుకాగితాలు రెండు మూడు రోజులు నానబెట్టి, నీళ్లు పిండేసి, నానిన మెంతులు వేసి రోట్లో రుబ్బి, ఆ గుజ్జుతో వెదురు చేటల సందులు పూడ్చేవారు. బోర్లించిన గిన్నె మీద అద్ది, ఎండబెట్టి ఊడదీస్తే బుట్ట. మెంతుల జిగురు గుజ్జుని పట్టి ఉంచుతుంది, చేదుకి పురుగు రాదని మా అమ్మ అనేది. అప్పట్లో వాటిలో పప్పులు పోసేవాళ్లం. ఇప్పుడు అలా చేయకండి. అచ్చు సిరా ఆహారానికి తగలనివ్వొద్దని ఆహార భద్రతా సంస్థ చెబుతోంది. బొత్తాలు, దారపు ఉండలు, క్రేయాన్లు వేసుకోండి. మిక్సీలో రుబ్బితే గుజ్జు ఇంకా మెత్తగా వస్తుంది, తర్వాత జారు కడిగే బాధ మాత్రం మీదే.

టీచర్లకి ఒక హెచ్చరిక. వినాయకుడి బొమ్మకి కళ్లు పెట్టడానికి గురివింద గింజలు తెస్తారు పిల్లలు. ఎర్రగా, నల్లబొట్టుతో ముచ్చటగా ఉంటాయి. గురివింద తన కింద నలుపు ఎరగదని సామెత ఉంది గానీ, మనం ఎరగాల్సింది దాని లోపలి విషం. నమిలినా, దండ గుచ్చడానికి కన్నం పెట్టినా ఆ విషం బయటపడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. గన్నేరు కాయ, ఆకు, పుల్ల ఏదీ ముట్టనివ్వకండి. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. చెట్టు నుంచి వచ్చిందల్లా మంచిదేనని పిల్లలకి చెప్పకండి. అది అబద్ధం.

కొనాల్సిన అవసరం లేకుండా సైన్సు ఎంత చెప్పొచ్చో చూడాలంటే అరవింద్ గుప్తా గారిని చూడండి. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజనీరు. 1978లో ఉద్యోగానికి సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ వైపు పల్లెటూరి బడుల్లో సైన్సు బోధన చూడ్డానికి వెళ్లారు. అక్కడ ఆయన చేతికి దొరికినవి అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు. చిన్న రబ్బరు ముక్కకి రెండు పక్కల రెండు పుల్లలు దూరిస్తే కీలు అవుతుంది. మూడు పుల్లల త్రికోణం ఎంత నొక్కినా వంగదు. నాలుగు పుల్లల చతురస్రం వేలితో తోస్తే చాలు, ఒరిగిపోతుంది. మూలకి అడ్డంగా ఇంకో పుల్ల వేస్తే నిలబడుతుంది. రేకుల షెడ్డు దూలాల్లో త్రికోణాలు ఎందుకుంటాయో మీరిక బోర్డు మీద రాయక్కర్లేదు. ఆయనకి 2018లో పద్మశ్రీ వచ్చింది. నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను, అందులో మొదటి పదేళ్లు ఈ త్రికోణాన్ని సుద్దముక్కతో గీసి, “నమ్మండిరా” అని చెప్పినవాణ్ణే.

ఈసారి పోటీ పెడితే నా సూచన ఒకటే. బహుమతి ఆ రోజు ఇవ్వకండి. నెల రోజుల తర్వాత ఇవ్వండి. చేసిన వస్తువుని ఎవరైనా వాడుతున్నారా, వాడి వాడి అరిగిందా, పాడైతే ఎక్కడికి వెళ్లింది? ఈ మూడూ చూసి ఇవ్వండి. అరిగిన వస్తువుకి ఎక్కువ మార్కులు. తల్లిదండ్రులు చేసిచ్చిన వస్తువు నెల తిరిగేసరికి అటక మీద ఉంటుంది, మీకే తెలిసిపోతుంది.

ఇంకో మాట, కొంచెం చేదు. మనకి ఇది సరదా, కొందరికి కూడు. ఏజెన్సీలో అడ్డాకులు కోసి, ఎండబెట్టి, పుల్లలతో విస్తళ్లు కుట్టే ఆడవాళ్లు, వెదురు బుట్టలల్లే మేదరులు మన ఊళ్లోకి వచ్చినప్పుడు, “ఆకులే కదా, ఊరికే దొరికాయి కదా” అని బేరం ఆడతాం. ఆకు ఊరికే దొరికి ఉండొచ్చు. ఆవిడ నడక, ఆవిడ నడుం ఊరికే దొరకలేదు. పిల్లలతో ఒక్క విస్తరాకు కుట్టించండి. ఒక్కటి చాలు, అన్నం వడ్డిస్తే పులుసు కారకుండా. ఆ తర్వాత వాళ్లు బేరం ఆడితే నన్నడగండి.

సరే, గుడ్డ తీయండి. తలా ఒక ఆకు తీసుకోండి. కత్తెర వెతక్కండి, గోరు చాలు. నడిమి ఈనె చీల్చి పక్కన పెట్టుకోండి, పారేయకండి, దానితో పని ఉంది. ఇప్పుడు సన్నని కొసనుంచి చుట్టడం మొదలుపెట్టండి. మొదటి రెండు చుట్లు బిగువుగా, తర్వాత ప్రతి చుట్టూ ముందు దాన్ని సగం కప్పుతూ కొంచెం కొంచెం వెడల్పు చేయండి. మూడో వరసలో మాస్టారూ, మీది గొట్టం అవుతోంది, మూతి విచ్చుకోవాలి. చాలు. చివర ఊడకుండా ఈనె ముక్క గుచ్చండి. సన్నని చివరలో వేలి గోరంత ఆకు ముక్కలు రెండు, ఒకదానికొకటి ఆనేలా దూర్చండి. అదే పీక. నాదస్వరానికీ ఇలాంటి జంట నాలుకే ఉంటుంది. పెదాలతో నొక్కి ఊదండి. మోగకపోతే పీకని కొంచెం చదును చేయండి. ఇంకా మోగకపోతే పక్కవాళ్ల పిల్లాడికివ్వండి, వాడు మోగిస్తాడు.