రెండు కాటాలు, ఒకే సముద్రం

అందరికీ నమస్కారం. 1,336 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఒక ఉపగ్రహం సముద్రం మీదికి రాడార్ తరంగం వదులుతుంది. అది నీటిని తాకి వెనక్కి రావడానికి సుమారు 9 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ సమయాన్ని బట్టి దూరం, ఉపగ్రహం ఎత్తులోంచి ఆ దూరం తీసేస్తే నీటిమట్టం. చెప్పడానికి ఇంతే. ఒక్క సెంటీమీటరు తేడా పట్టుకోవాలంటే మాత్రం సెకనును లక్ష కోట్ల ముక్కలు చేసి, అందులో 67 ముక్కల తేడా పసిగట్టాలి!

పైగా గాలిలోని తేమ తరంగాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది. అది సరిచేయకపోతే సముద్రం ఒక్కోచోట 30 సెంటీమీటర్ల దాకా పల్లంగా కనబడుతుంది. అందుకే రాడార్ పక్కనే తేమను కొలిచే రేడియోమీటరు కూడా ఉంటుంది.

నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఇది కాదు. సముద్రమట్టం ఇప్పుడు ఏడాదికి 4 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోంది. ఉపగ్రహమేమో కొన్నేళ్లకే ముసలిదైపోతుంది. కొత్తది 4 మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తే, పెరిగింది నీరా, మారింది పరికరమా?

1992లో వెళ్లిన టోపెక్స్/పొసైడాన్ అనే ఉపగ్రహం ఈ టెన్షన్ పెట్టింది. దాని మొదటి రాడార్ పాడవుతూ వచ్చింది. 1999లో రెండో రాడార్‌కి మారారు. తొలి ఏళ్లలో పెరుగుదల ఉన్నదానికన్నా ఎక్కువగా నమోదైందని చాలాకాలం తర్వాత గానీ తేలలేదు. తీరాల్లోని ఆటుపోట్ల కొలమానాలతో పోల్చి చూస్తే బయటపడింది. ఆ తప్పు సరిదిద్దాక, పెరుగుదల వేగం ఏటేటా హెచ్చుతోందన్న సంగతి స్పష్టమైంది.

ఒకే బస్తాను రెండు కాటాల మీద తూస్తే ఏ కాటాకు ఎంత తేడా ఉందో తెలిసిపోతుంది కదా! టోపెక్స్ తర్వాత వచ్చిన జేసన్-1 ఉపగ్రహం నుంచీ చేస్తున్నది అదే. 2020 నవంబరులో వెళ్లిన సెంటినెల్-6 మైకేల్ ఫ్రీలిక్ ఉపగ్రహాన్ని అప్పటికే తిరుగుతున్న జేసన్-3 వెనకే, అదే దారిలో, 30 సెకన్ల ఎడంతో నడిపారు. అంటే సుమారు 200 కిలోమీటర్లు. వినడానికి చాలా దూరమే గానీ, 30 సెకన్లలో సముద్రమట్టం ఏం మారుతుంది? కాబట్టి రెండింటి కొలతల్లో నిలకడగా కనిపించే తేడా పరికరాలదే. ఏడాదికి పైగా ఇలా జంటగా తిప్పి ఆ లెక్క తేల్చారు.

తర్వాత జేసన్-3కి సెలవు ఇవ్వలేదు. భూమధ్యరేఖ దగ్గర ఉపగ్రహం దారులకు మధ్య 315 కిలోమీటర్ల ఖాళీ మిగిలిపోతుంది. 2022 ఏప్రిల్‌లో పాతదాన్ని ఆ ఖాళీల మధ్యకు జరిపారు.