నా ప్లానర్ పంచాంగమే

నమస్తే అండి. స్టూడియో ఉద్యోగం వదిలేసి మళ్లీ ఫ్రీలాన్స్‌లోకి వచ్చాను. పెళ్లి శుభలేఖలకు కారికేచర్లు, పిల్లల పుస్తకాలకు బొమ్మలు, ఇదీ కూడు పెట్టే పని. దాంతోపాటు సొంత పనులు రెండు: ఒక తెలుగు ఫాంట్ గీస్తున్నాను, గుడ్డమీద వేసే చేర్యాల బొమ్మ నేర్చుకుంటున్నాను. ఇవన్నీ ఎలా కుదురుతున్నాయని మా ఇంట్లోవాళ్లతో సహా అందరూ అడుగుతున్నారు.

'పొద్దున్నే రెండు గంటలు సొంత పనికి, తర్వాత క్లయింట్ పనికి' అనే సలహా ఉంది చూశారూ, అది నాకు పనికిరాదు. శ్రావణం ముహూర్తాల ముందు క్లయింట్లు తెల్లారకుండానే వాట్సాప్‌లో దిగిపోతారు. 'పెళ్లికొడుక్కి కాస్త జుట్టు పెంచండి', 'మా తాతగారిని కూడా పెట్టండి, కుర్చీలో కూర్చున్నట్టు'. ఆ హడావుడిలో ఫాంట్ ముందు కూర్చుంటే ఒక్క అక్షరం కదలదు. అందుకే రోజును ముక్కలు చేయడం మానేసి సంవత్సరాన్ని ముక్కలు చేస్తున్నాను. నా ప్లానర్ గోడమీది పంచాంగం క్యాలెండరే.

నవ్వకండి. మన దగ్గర పెళ్లిళ్ల మీద బతికేవాళ్లందరూ, ఫొటోగ్రాఫర్ నుంచి పూల డెకరేషన్ వాళ్ల దాకా, చూసేది దాన్నే. ఆషాఢం, పుష్యం, గురు మూఢం, శుక్ర మూఢం (ఆ గ్రహాలు సూర్యుడికి దగ్గరై కనిపించని రోజులు), అధిక మాసం, ఇవన్నీ పెళ్లి ముహూర్తాలు లేని కాలాలు. 2023లో ఆషాఢం వెనకే అధిక శ్రావణం వచ్చి వరసగా రెండు నెలలు ముహూర్తాలు లేవు. 2024లో మరీ ఘోరం, ఏప్రిల్ నెలాఖరు నుంచి శ్రావణం దాకా మూఢాలూ ఆషాఢమూ కలిసి సీజన్‌ను మింగేశాయి. కానీ ఇవన్నీ ముందే అచ్చయి ఉండే ఖాళీలు. తన బడ్జెట్ ఎప్పుడు ఆగిపోతుందో ఏ కార్పొరేట్ క్లయింటూ ఏడాది ముందు చెప్పడు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. శుభలేఖ బొమ్మ పెళ్లికి నెలా నెలన్నర ముందే కావాలి. కాబట్టి ఫంక్షన్ హాళ్లు ఖాళీగా ఉండే ఆషాఢంలో నేను శ్రావణం పెళ్లిళ్ల పనిలో ఉంటాను. నా ఆషాఢం జ్యేష్ఠంలోనే వచ్చేస్తుందన్నమాట.

ఆ ఖాళీలోకి, మధ్యలో వదిలేసినా పాడవని పని కావాలి. ఫాంట్ అలాంటిదే. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 128 స్థానాలే, గీయాల్సిన రూపాలు మాత్రం వందల్లో ఉంటాయి. ప్రతి హల్లుకూ గుణింతం, ఆపైన వత్తులు. 'రాష్ట్రం' రాస్తే ష కింద ట వత్తు, ర వత్తు రెండూ రావాలి. అవి కిందికి దిగి తర్వాతి లైనులోని గుడికి తగులుతాయి. వత్తు చిన్నది చేస్తే ఫోన్‌లో చదవలేరు, పెద్దది చేస్తే లైన్ల మధ్య ఎడం పెంచాలి, అప్పుడు పేజీ వెలితిగా కనిపిస్తుంది. ఈ గొడవ కూర్చున్నపళంగా తేలదు. కొన్నాళ్లు మూసిపెట్టి మళ్లీ తెరిస్తే మాత్రం 'ఝ' మరీ వెడల్పైన సంగతి చూడగానే తెలిసిపోతుంది.

చేర్యాలలో ఆగడం పనిలోనే ఉంది. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూత పూస్తారు. ఒక పూత ఆరాకే ఇంకో పూత. ఆరేలోపు ఇన్‌వాయిస్‌లు పంపుకోవచ్చు. అయితే దీన్ని నేను అమ్మను. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కుటుంబాలు, అంటే ఈ బొమ్మలు వేసేవాళ్లు, తరతరాలుగా నిలబెట్టిన కళ ఇది, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ ఎర్ర నేపథ్యాన్ని తెచ్చి శుభలేఖ మీద పెట్టి, 'చేర్యాల స్టైల్' అని రేటు పెంచడం నాకు నచ్చదు. కావాలన్నవాళ్లను నేరుగా చేర్యాలకే వెళ్లమంటాను.

రోజుకో కామిక్ పోస్ట్ చేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. వద్దనుకున్నాను. అది సీజన్‌లో కూడా రోజూ తిండి అడుగుతుంది.

ఇక రాతకోతల సంగతి. ఉద్యోగంలో భాగంగా గీసినదాని కాపీరైట్, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. ఫ్రీలాన్స్‌లో అంతా మనదే అనుకుంటాం. 1957 కాపీరైట్ చట్టం అలా అనదు. డబ్బు తీసుకుని ఒకరు అడిగితే వేసిన పెయింటింగ్‌కైనా, పోర్ట్రెయిట్‌కైనా, వేరే ఒప్పందం లేకపోతే హక్కుదారు వేయించుకున్న మనిషే. మనుషుల ముఖాలు గీసి బతికే నాకు ఇది సూటిగా తగిలే సంగతి. అందుకే కొటేషన్‌లోనే రాస్తాను: హక్కులు నావి, శుభలేఖకు వాడుకునే అనుమతి మీది. పుస్తకాల హక్కులు రాసిచ్చేటప్పుడు ఎన్నేళ్లకు, ఏ దేశానికి అన్నది కూడా రాయించుకుంటాను. రాయకపోతే చట్టం ఐదేళ్లు, భారతదేశం అని లెక్కేస్తుంది. 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని ఎదుటివాళ్లు ముందే టైపు చేసి పంపితే సంతకం పెట్టకముందే బేరమాడాలి.

డబ్బు విషయానికొస్తే, చిన్న వ్యాపారాల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా రిజిస్టర్ చేసుకున్నాను. అది ఉచితం, ఫీజు అడిగే సైట్లు ఏజెంట్లవి. అలా నమోదైతే బిల్లు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు, అదీ చక్రవడ్డీ. ఆ నంబరు ఇన్‌వాయిస్ మీద వేయడం మొదలుపెట్టాక ఒక పబ్లిషర్ అకౌంట్స్ వాళ్లు 'వచ్చే క్వార్టర్ చూద్దాం' అనడం మానేశారు. పెళ్లివాళ్ల దగ్గర ఇవేవీ నడవవు. సగం అడ్వాన్స్, ఫైనల్ ఫైల్ పంపకముందే మిగతా సగం. పెళ్లయ్యాక ఎవరూ ఫోన్ ఎత్తరండీ.