గురక ఆగినప్పుడు

శ్రోతలకు నమస్కారం.

మా పెదనాన్న గురక వీధరుగు దాకా వినిపించేది. పిల్లలం నవ్వుకునేవాళ్లం. పెద్దమ్మ మాత్రం నవ్వేది కాదు. గురక ఆగితేనే ఆవిడకు భయం. అర్ధరాత్రి ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయేది. ఛాతీ ఎగిసిపడుతూనే ఉండేది, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగిలేది కాదు. ఆవిడ భుజం పట్టి కుదిపేలోపే పెద్ద శబ్దంతో ఊపిరి లాగి మళ్లీ గురక అందుకునేవారు. పొద్దున అడిగితే "నాకేం, హాయిగా నిద్రపట్టింది" అనేవారు. పదకొండు కాకముందే పేపరు చేతిలో పట్టుకుని కునికేవారు.

ఆవిడ రాత్రిళ్లు చూసిన ఆ జబ్బు పేరు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. కొందరిలో నాలుక వెనక్కి జారి గాలి దారి మూసుకుపోతుంది. ఛాతీ లాగుతూనే ఉంటుంది, గాలి రాదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు ఉలిక్కిపడి మనిషిని క్షణంపాటు లేపుతుంది. లేచిన సంగతి వాళ్లకు గుర్తుండదు. ఊపిరి పది సెకన్లపాటు ఆగినా, బాగా తగ్గిపోయినా ఒకసారిగా లెక్కేస్తారు. అలా గంటకు 30 సార్లయితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు. రెండు నిమిషాలకోసారి ఎవరో గొంతు నొక్కి వదిలితే ఎలా ఉంటుందో ఊహించండి.

1980 దాకా, జబ్బు బాగా ముదిరినవాళ్లకు గట్టిగా పనిచేసే వైద్యం ఒక్కటే ఉండేది. మెడ ముందు భాగంలో శ్వాసనాళానికి కన్నం పెట్టేవారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో, ఆ ఆపరేషన్ తప్పించుకోవాలనుకున్న ఒక రోగికి డాక్టర్ కాలిన్ సల్లివాన్ వేరే దారి చూపారు. సైకిల్ ట్యూబులో గాలి ఉన్నంతసేపు అది చప్పబడదు కదా. అలాగే ముక్కులోంచి కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపుతూ ఉంటే గొంతు మూసుకోదని ఆయన ఆలోచన. తొలినాళ్లలో ఆ గాలికి వాక్యూమ్ క్లీనర్ మోటారు వాడారు. ఒక్కో రోగి ముక్కుకు అచ్చు తీసి మాస్కు చేసి, రోజూ రాత్రి సిలికాన్ జిగురుతో అతికించేవారు! 1981లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఐదుగురు రోగుల ఫలితాలు వచ్చాయి. ఐదుగురూ రాత్రంతా నిద్రపోయారు. ఇవాళ మనం సీపాప్ అంటున్న మెషీన్ అదే.

మరి దీనితో గుండెపోటు, పక్షవాతం కూడా తగ్గుతాయా? ఈ ప్రశ్న మీద జరిగిన సేవ్ అనే పరిశోధన అంటే నాకు చాలా గౌరవం. భారత్‌తో సహా ఏడు దేశాల్లో, అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో వచ్చిన 2,717 మందిని తీసుకున్నారు. మాస్కు భరించగలరో లేదో చూడటానికి ముందు వారం రోజులు ఉత్తుత్తి గాలి పెట్టారు. తర్వాత సగం మందికి అసలు సీపాప్ ఇచ్చి, సగటున 3.7 ఏళ్లు గమనించారు. 2016లో ఫలితం వచ్చింది. గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాలు తగ్గలేదు.

ఎంతోమంది ఆశపడ్డది జరగలేదని ఉన్నదున్నట్టు రాశారు. అయితే వాళ్లు మాస్కు పెట్టుకున్నది రాత్రికి సగటున 3.3 గంటలే, అంటే సగం నిద్ర కూడా కాదు. పగలు విపరీతంగా నిద్ర ముంచుకొచ్చేవాళ్లను పరిశోధనలో చేర్చనేలేదు. వాళ్లకు వైద్యం ఆపడం ప్రమాదం కదా. కాబట్టి "సీపాప్ దండగ" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ పరిశోధనలోనే గురక, పగటి మగత తగ్గాయి, మనసు కుదుటపడింది, పనికి సెలవులు తగ్గాయి.

2024లో మరో దారి తెరుచుకుంది. ఊబకాయంతోపాటు ఈ జబ్బున్న 469 మందిలో కొందరికి బరువు తగ్గించే టిర్జెపటైడ్ అనే మందును వారానికో ఇంజెక్షన్ చొప్పున 52 వారాలు ఇచ్చారు. ఊపిరి అడ్డుపడటం గంటకు 25 నుంచి 29 సార్ల దాకా తగ్గింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో తగ్గింది ఐదుసార్లే. కానీ సన్నగా ఉండి, దవడ చిన్నదైనవాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. వాళ్లకు ఇది మందు కాదు.

పెద్దమ్మ చివరికి ఆ గురకను, మధ్యలో నిశ్శబ్దాన్ని ఫోన్లో రికార్డు చేసి ఊపిరితిత్తుల డాక్టరుకు వినిపించింది. నిద్రలో ఊపిరిని గమనించే స్లీప్ స్టడీ అనే పరీక్ష చేశారు. మొదటి వారం పెదనాన్న నిద్రలోనే మాస్కు పీకి పారేసేవారు. సైజు మార్చి, పట్టీ వదులు చేశాక అలవాటు పడ్డారు. ఇప్పుడు ఊరెళ్లాలంటే సంచిలో ముందు సర్దేది ఆ మెషీన్నే. మీ ఇంట్లోనూ ఎవరి గురకైనా అలా మధ్యలో ఆగుతుంటే, ఈ రాత్రే ఫోన్లో రికార్డు చేయండి. డాక్టరుకు వినిపించండి.

నమస్కారం.