బగ్ దొరికింది సరే, చెప్పాల్సింది ఎవరికి?

అందరికీ నమస్తే. మొన్న హన్మకొండలో పెళ్లి కార్డులు వేసే షాపు తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, లిబ్రే ఆఫీస్‌లో తెలుగు ఖరాబైంది. లక్ష్మి అని కొడితే సరిగ్గా వస్తలేదు." లిబ్రే ఆఫీస్ అంటే వర్డ్ లాంటి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. వెళ్లి చూస్తే మ వత్తు పక్క అక్షరం మీదికి ఎక్కి కూర్చుంది. పెళ్లికూతురి పేరాయె, టెన్షన్ ఉండదా మరి?

తమ్ముడు అప్పటికే లిబ్రే ఆఫీస్ బగ్‌జిల్లాలో, అంటే బగ్గులు (సాఫ్ట్‌వేర్ లోపాలు) రాసే సైట్‌లో, ఒక రిపోర్ట్ పెట్టేశాడు. "తెలుగు పనిచేయడం లేదు, త్వరగా సరిచేయండి." అంతే. ఏ ఫాంటో లేదు, ఏ వెర్షనో లేదు, ఫైలు లేదు. అక్కడ వచ్చిన బగ్గులను చూసి వేరు చేసేవాళ్లలో వాలంటీర్లు చాలామంది. తమ పని అయిపోయాక, నిద్ర ఆపుకొని కూర్చుంటారు. వాళ్ల గంట మనం ఊరికే తీసుకోకూడదు. నాకు బాధ అనిపించేది అక్కడే.

తెర మీద ఒక్క తెలుగు అక్షరం పడాలంటే ముగ్గురు పని చేయాలి. అక్షరాల ఆకారాలు, వత్తు ఎక్కడ కూర్చోవాలన్న లెక్క ఫాంట్‌లో ఉంటాయి. ఆ లెక్క చదివి అక్షరాలను పేర్చేది హార్ఫ్‌బజ్. పేర్చినదాన్ని పేజీ మీద చూపేది లిబ్రే ఆఫీస్. మూడూ వేర్వేరు ప్రాజెక్టులు, వేర్వేరు మనుషులు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చి మిర్చి యార్డులో దింపితే బేరం ఎట్లా అవుతుంది?

అక్కడే కూర్చుని చూశాం. ఫాంట్ మార్చితే లక్ష్మి చక్కగా వచ్చింది. పాత ఫాంట్‌తో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో చూస్తే అక్కడా అదే తప్పు. అంటే లిబ్రే ఆఫీస్ తప్పు కాదు. హార్ఫ్‌బజ్‌తో వచ్చే హెచ్‌బీ-వ్యూ అనే చిన్న టూల్ ఉంది. ఫాంట్ ఫైలు, పదం ఇస్తే నేరుగా బొమ్మ గీసి చూపిస్తుంది, మధ్యలో ఏ యాప్ ఉండదు. అందులోనూ వత్తు పక్కకే పోయింది. ఫాంట్ మార్చితే బాగా వచ్చింది కాబట్టి తప్పు ఫాంట్‌దే.

ఇంక ఫాంట్ చేసినవాళ్లకు రాద్దామన్నాడు తమ్ముడు. ఒక్క నిమిషం ఆగమన్నాను. వాళ్ల దగ్గరున్న కొత్త వెర్షన్ దించి చూస్తే వత్తు తన చోట్లోనే ఉంది! వాళ్లు ఎప్పుడో సరిచేశారు, తమ్ముడి కంప్యూటర్‌ను నడిపే ఉబుంటు (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్)లో వచ్చింది పాతది. అంటే చెప్పాల్సింది ఉబుంటులో ఆ ఫాంట్ ప్యాకేజీ (ఇన్‌స్టాల్ చేసుకునే మూట) చూసేవాళ్లకు. టెర్మినల్‌లో డీపీకేజీ మైనస్ ఎస్ (పెద్ద ఎస్) కొట్టి ఫైలు పేరు ఇస్తే అది ఏ ప్యాకేజీదో చెబుతుంది. ఉబుంటు-బగ్ కొట్టి ఆ ప్యాకేజీ పేరు ఇస్తే రిపోర్ట్ సరైన చోటికి పోతుంది.

ఉబుంటుకు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్‌లో దీనికోసం మెయింటైనర్స్ అనే ఫైలే పెట్టుకున్నారు. ఏ భాగం ఎవరిదో, ఎక్కడికి రాయాలో అందులో ఉంటుంది. గెట్ మెయింటైనర్ స్క్రిప్టుకు ఫైలు పేరు ఇస్తే మనుషుల పేర్లు తీసిస్తుంది. కొన్ని భాగాల పక్కన ఆర్ఫన్ అని ఉంటుంది, అంటే చూసే దిక్కు లేదని. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. భద్రతకు సంబంధించిన లోపమైతే అందరికీ కనబడేలా పెట్టకండి, ప్రాజెక్టు చెప్పిన సెక్యూరిటీ అడ్రస్‌కే రాయండి.

తమ్ముడు ఉబుంటుకు మళ్లీ రాశాడు. ఫాంట్ పేరు, రెండు వెర్షన్లు, రెండు బొమ్మలు పక్కపక్కన. లిబ్రే ఆఫీస్‌లో పెట్టినదాని కింద "తప్పు ఫాంట్‌ది, మీది కాదు, మన్నించండి" అని రాసి తనే మూసేశాడు. కొత్త ఫాంట్ వేసుకుని కార్డులు ఆ సాయంత్రమే ప్రింటింగ్‌కు పంపాడు.